పప్పు ఉడకని ఊరు

అల్ అమెరాత్,
ఫిబ్రవరి

సాయిప్రియ గారికి,

నమస్కారాలు. నేను మీకు గుర్తుండకపోవచ్చు. మీరు సెలవులకు మస్కట్ వచ్చినప్పుడు, వాదీ కబీర్‌లో మీ అమ్మగారి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్న మనిషిని. మీ నాన్నగారు విశ్వేశ్వరరావు సార్ ఇంజనీరుగా ఉన్న కంపెనీలోనే మా ఆయన నర్సింగ్ పైపుల పని చేస్తాడు. ఆ రోజు మీరు నాతో ఎంతో మాట్లాడారు. నేను తల ఊపడం తప్ప ఒక్క మాట అనలేదు. మీరు వెళ్ళాక సూర్యకుమారి ఆంటీ నవ్వి, "మా అమ్మాయి గోడతో మాట్లాడినట్టు మాట్లాడిందే నీతో! అడగాలనుకున్నవేవో అడక్కపోయావా?" అన్నారు. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోరు రాలేదు.

అందుకే ఈ ఉత్తరం. ఫోను ఉంది కాని, మేమూ పెద్దులన్న వాళ్ళూ ఒకే ఫ్లాటుకు నడుమ ప్లైవుడ్ అడ్డం పెట్టుకుని ఉంటున్నాం. నేను ఇటు దగ్గితే అటునుంచి పెద్దులన్న భార్య శాంతవ్వ వదిన నీళ్ళు తాగమంటుంది. కాగితం మీదైతే నా మాట నాకు మాత్రమే వినిపిస్తుంది. నేను ఏడో తరగతి దాకానే చదివాను, తప్పులుంటే మన్నించండి. దీన్ని ఆంటీ ఫోటో తీసి మీకు పంపుతామన్నారు. చదవకూడదని ఫోటో తీసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుంటారట. అందుకని అక్షరాలు వంకరగా వస్తే అది నా తప్పు కాదు.

మీరు పనిచేసే చోట మందుల గురించి, నీళ్ళ గురించి, ముసలివాళ్ళ పింఛన్ల గురించి చట్టాలు చేస్తారని, ఒక్క వాక్యం మీద నెలల తరబడి వాదించుకుంటారని చెప్పారు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "నెలలకు నెలలు కొట్లాడితె పని ఎవలు చేస్తరే?" అన్నాడు. నాకు మాత్రం గొప్పగా అనిపించింది. మా ఊళ్ళో పంచాయితీ అంటే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళదే గెలుపు. మరి అక్కడ చిన్న గొంతు ఉన్నవాళ్ళు ఏం చేస్తారు? అంతగా వాదించుకున్నవాళ్ళు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా?

ఇక్కడ కొత్తలో జరిగిన ఒక సంగతి రాస్తాను, మీరూ నవ్వండి. అప్పటికి మాకు కుక్కర్ లేదు. పొయ్యి మీద పప్పు పెట్టి, ఊళ్ళో అలవాటు కొద్దీ బట్టలు ఉతికి ఆరేసి రావచ్చు కదా అని డాబా మీదికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గిన్నెలో పప్పు లేదు, జావ ఉంది. శాంతవ్వ వదిన గరిటెతో ఎత్తి పోస్తూ, "ఏందే నవీనా, పప్పు చేసినవా పాయసం చేసినవా?" అని ఇల్లంతా వినబడేలా నవ్వింది. మా ఊరి నీళ్ళలో పప్పు ఇట్లా ఉడకదు. ఆ మాట ఆమెకు చెప్పలేదు.

ఇట్లు,
నర్సింగ్ భార్య


బ్రస్సెల్స్,
మార్చి

నవీన గారూ,

మీ ఉత్తరం ట్రామ్‌లో చదువుతూ దిగాల్సిన చోట దిగడం మరిచిపోయాను. మీరు నాకు బాగా గుర్తున్నారు. కంట్లో చుక్క నీరు రాకుండా అన్ని ఉల్లిపాయలు తరిగిన మనిషిని ఎలా మరిచిపోతాను? ఒక్క విన్నపం. ‘నర్సింగ్ భార్య’ అని సంతకం పెట్టకండి. నేను ఉత్తరం రాస్తున్నది నర్సింగ్ గారికి కాదు.

నా చేతిరాత చూసి మీరూ నవ్వకండి. స్కూలు బస్సు రాని శుక్రవారాల్లో అమ్మ నన్ను కూర్చోబెట్టి నేర్పిన తెలుగు ఇది. రాయడానికి నాకు మీరు తప్ప ఎవరూ లేరు.

నేను ఇక్కడి పార్లమెంటులో ఇంగ్రిడ్ అనే సభ్యురాలికి సహాయకురాలిని. ఆవిడ ఒకప్పుడు ఆసుపత్రిలో నర్సు. ఇప్పుడు మా దగ్గర రెండు వాదనలు నడుస్తున్నాయి. మొదటిది: కొత్త మందు కనిపెట్టిన కంపెనీ దాన్ని ఎన్నేళ్ళపాటు తానొక్కతే అమ్ముకోవచ్చు? ఎక్కువ ఏళ్ళిస్తేనే కొత్త మందులు పుడతాయని కొందరంటారు. తక్కువ ఇస్తే మిగతావాళ్ళూ తయారు చేస్తారు, ధర దిగుతుంది, లేనివాళ్ళకు అందుతుందని ఇంకొందరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కష్టమంతా అక్కడే.

రెండోది నీళ్ళ గురించి. మనం మింగిన మాత్రలో కొంత ఒంట్లో నిలవదు. మురుగులో కలిసి నదిలోకి పోతుంది. ఆ నీటిని శుభ్రం చేసే ఖర్చులో ఎక్కువ వాటా మందులూ అందాల సామానూ తయారుచేసే కంపెనీలే పెట్టుకోవాలని ఇక్కడ చట్టం తెచ్చారు. దాన్ని సడలించమని ఇప్పుడు పట్టుబడుతున్నారు. "అలాగైతే మందుల ధర పెరుగుతుంది" అని కంపెనీల తరఫు ఆయన అన్నాడు. "మా పింఛను ఇప్పటికే మందుల షాపుకే పోతోంది" అని వృద్ధుల సంఘం ఆవిడ అంది. "చేపలకు పింఛను కూడా లేదు కదండీ" అని నదుల సంఘం ఆవిడ లేచింది. హాలంతా నవ్వింది. కంపెనీ ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

మీరు అడిగినదానికి జవాబు. అక్కడ చిన్న గొంతుకూ పెద్ద గొంతుకూ ఒకటే సమయం. సమయం అయిపోతే ఎంతటివారికైనా మైకు ఆగిపోతుంది. మా నాన్న కోసం ఇంట్లో అలాంటిది ఒకటి పెట్టించమని అమ్మ ఎప్పటినుంచో అడుగుతోంది. వాదన అయ్యాక అందరూ కాఫీ కోసం ఒకే వరుసలో నిలబడతారు. పొద్దున ఒకరినొకరు చీల్చి చెండాడుకున్నవాళ్ళు, "మీ అబ్బాయి జ్వరం తగ్గిందా?" అని పలకరించుకుంటారు. ఆ వరుసను చూసినప్పుడల్లా ఈ ఉద్యోగం మీద ప్రేమ పెరుగుతుంది.

ఇప్పుడు నా ప్రశ్న. మీ ఊళ్ళో పప్పు ఎందుకు ఉడకదు?

సాయిప్రియ


అల్ అమెరాత్,
మార్చి

సాయిప్రియ గారికి,

మీ ఉత్తరం ఆంటీ ప్రింటు తీసి, మడిచి, పిన్ను కొట్టి మరీ ఇచ్చారు. కాఫీ వరుస దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా ఊళ్ళో గట్టు తగాదా వస్తే రెండు ఇళ్ళ వాళ్ళు పెళ్ళిళ్ళకు కూడా పిలుచుకోరు. తిట్టుకోకుండా వాదించుకోవడం ఒక చదువు లాంటిదేమో. అది నాకూ వస్తే బాగుండును.

పప్పు సంగతి. మా ఊరికి ఎగువన మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. మందులంటే మీరు చూసే మాత్రలు కాదు, వాటికి కావలసిన పొడి. నా చిన్నప్పుడు వాగులో చీర పరిచి చేపపిల్లలు పట్టేవాళ్ళం. తరవాత నురుగు వచ్చింది. మేము పిల్లలం దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒకరి మీద ఒకరం ఊదుకున్నాం. చేతులు మండాయి. ఆ పైన బర్రెలు వాగులో దిగడం మానేశాయి. వాటికి ఎవరూ చెప్పలేదు, అవే మానేశాయి. చివరికి బావులు, బోర్లు కూడా చెడిపోయాయి.

మా ఊళ్ళో కొత్త బోరు వేస్తే, కొబ్బరికాయ కొట్టిన వెంటనే ఆ నీళ్ళతో పప్పు పెడతారు. బోరు పక్కనే మూడు రాళ్ళ పొయ్యి. ఇంటికో గుప్పెడు కందిపప్పు. ఆడవాళ్ళందరం చుట్టూ కూర్చుంటాం. పెద్ద మనిషి మా అవ్వ. ఆమె ఒక పలుకు తీసి వేళ్ళ మధ్య నొక్కి చూస్తుంది. మెత్తగా నలిగితే తాగే నీళ్ళు. నలగకపోతే, "ఇవి నోట్లెకు గావు" అంటుంది. ఆ మాటకు సర్పంచి కూడా ఎదురు చెప్పడు. ఈమధ్య వేసిన ఏ బోరుకూ పప్పు ఉడకలేదు. నీళ్ళలో ఏముందో కొలిచే సర్కారువాళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు, ఏం తేలిందో చెప్పడానికి మళ్ళీ రాలేదు. ఇప్పుడు మా తమ్ముడు గంగాప్రసాద్ డ్యూటీ నుంచి వస్తూ బండి మీద క్యాన్ తెస్తే ఆ నీళ్ళతోనే వంట.

ఇక్కడ ఎడారిలో సముద్రాన్ని తాగునీరుగా మార్చి ఇంటింటికీ పంపుతున్నారు. నల్లా తిప్పితే పప్పు ఉడికే నీళ్ళు వస్తాయి. జావైన ఆ పప్పు చూసి అందరూ నవ్విన రోజు నేను స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. సంతోషమో, మా ఊరి మీద దిగులో నాకే తెలియలేదు.

మీ
నవీన


బ్రస్సెల్స్,
ఏప్రిల్

నవీనా!

గారు తీసేశాను, కోపం లేదుగా? మీ ఉత్తరం మొత్తం ఇంగ్రిడ్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టేసింది. "మనం మన నదుల గురించే మాట్లాడుకుంటున్నాం. మన మందు తయారయ్యే చోట నది సంగతి ఎవరు అడుగుతారు?" అంది. బయటి దేశాల్లో మన కోసం పొడి తయారుచేసే ఫ్యాక్టరీలు నీటిని ఎలా వదులుతున్నాయో కొనేవాళ్ళు వెళ్ళి చూసి తీరాలని, ఆ నీటికి బాధ్యత కూడా వాళ్ళదేనని ఒక సవరణ రాసింది.

జూన్‌లో దాని మీద కమిటీ సాక్షుల మాట వింటుంది. మీరు మాట్లాడాలి! మస్కట్ నుంచే, వీడియోలో. అమ్మ అనువాదం చేస్తుంది. మీ పేరు, మీ ఊరి పేరు, ఫ్యాక్టరీ ఎక్కడుందో, పప్పు సంగతి, అవ్వ సంగతి. అంతే. ఇంతకంటే బలమైన సాక్ష్యం ఆ హాల్లో ఎవరూ విని ఉండరు. మీ పేరు జాబితాలో పంపేయమన్నారు, నేను సరేనన్నాను. తొందరగా ఒప్పుకుంటూ రాయండి.

మీ సాయిప్రియ


అల్ అమెరాత్,
ఏప్రిల్

సాయిప్రియ గారికి,

నమస్కారాలు. మేము క్షేమం. మీరు క్షేమమని తలుస్తాను.

నా పేరు తీసేయించండి. నేను మాట్లాడలేను. నేను రాసిన ఉత్తరాలు మీ దగ్గర ఉంటే దయచేసి చింపేయండి. మీ అమ్మగారిని ఏమీ అడగవద్దు, ఆమెకు ఏమీ తెలియదు.

ఇట్లు,
నర్సింగ్ భార్య


బ్రస్సెల్స్,
మే

నవీన గారికి,

మీ పేరు అదే రోజు తీసేయించాను. ఉత్తరాలు మాత్రం చింపలేకపోయాను. బట్టల పెట్టెలో దాచి తాళం వేశాను. ఇంగ్రిడ్ కూడా మీ ఊరి పేరు అడగలేదు. నిజానికి ఆ పేరు మీరు నాకెప్పుడూ రాయలేదు. అది నేను ఇప్పుడు గమనించాను, ముందే గమనించాల్సింది.

మిమ్మల్ని అడగకుండానే సరేనన్నాను. హాల్లో చప్పట్లు కూడా ముందే విన్నాను. క్షమించండి.

ఇంకో సంగతి రాస్తాను, ఒప్పించడానికి కాదు. మొన్న నాన్నతో మాట్లాడుతున్నప్పుడు ఆయన మాత్ర వేసుకుంటున్నారు. గుండె మాత్ర. "ఆ పొడి ఎక్కడ చేస్తారో తెలుసా నాన్నా?" అని అడిగాను. "మన దగ్గరే ఎక్కడో చేస్తార్రా, అందుకేగా మనకి చవక" అన్నారు. ఇంగ్రిడ్ వాళ్ళమ్మ వేసుకునే మాత్ర పొడి కూడా అక్కడిదే కావచ్చు. ఆ ఫ్యాక్టరీలు మూతపడాలని నేను కోరలేను. మీరూ కోరరని అనుకుంటున్నాను. జూన్‌లో కంపెనీల తరఫున మాట్లాడే ఆయన మంచివాడే. చేపలకు పింఛను మాటకు గట్టిగా నవ్వినాయనే. పచ్చిక, పూలమొక్కలు, తొట్టిలో ఎర్రచేపలు ఉన్న ఫ్యాక్టరీ ఫోటోలు తెస్తున్నాడట. దిగువన ఉన్నవాళ్ళు మాత్రం ఎవరూ రావడం లేదు.

ముందే తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. భయం ఉన్న సాక్షి పేరు, ఊరు, మొహం బయటపెట్టకుండా మాట్లాడవచ్చు. అధ్యక్షురాలు అనుమతిస్తుంది. ఇది మీకు తెలియాలని రాశానంతే. మీరు మళ్ళీ ఉల్లిపాయల గురించి రాసినా నాకు చాలు.

సాయిప్రియ


అల్ అమెరాత్,
జూన్ మొదట్లో

సాయిప్రియ అక్కకు,

ఇకనుంచి అక్కా అనే రాస్తాను. తాళం వేసి దాచినందుకు.

మా తమ్ముడు గంగాప్రసాద్ డ్యూటీ చేసేది ఆ ఫ్యాక్టరీలోనే. బాయిలర్ దగ్గర. నా పేరు, ఊరి పేరు బయటపడితే మరునాడు వాడు గేటు బయట ఉంటాడు. వాడి భార్య సంధ్యకు ఇప్పుడు ఏడో నెల. ఈ సంగతి మీకు రాయకుండా దాచాను. నీళ్ళు పాడుచేసే చోటే మాకు కూడు కూడా అని రాయడానికి మనసు రాలేదు.

బక్రీదు సెలవులకు మీ నాన్నగారు మమ్మల్ని నిజ్వా దాటి ఒక కొండ ఊరికి తీసుకెళ్ళారు. పెద్దులన్న, శాంతవ్వ వదిన కూడా వచ్చారు. అక్కడ కొండలోంచి సన్నటి కాలువ వస్తుంది. ఫలజ్ అంటారు. అద్దంలాంటి నీళ్ళు. చూడగానే మాకు చేతులు ఆగలేదు. శాంతవ్వ వదిన "గంగమ్మ తల్లీ, సల్లగ సూడు" అని ఒక నాణెం, చిటికెడు పసుపు వేసింది. నేను చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కోబోయాను. గోదారి కనబడినా వాగు కనబడినా మేము చేసే పనే కదా.

చేతికర్రతో ఒక ముసలాయన పరుగులాంటి నడకతో వచ్చాడు. "లా, లా" అంటూ, వద్దు వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. కాని ఆయన అరవలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి నీళ్ళలోంచి ఆ నాణెం తీసి, తుడిచి, వదిన చేతిలో పెట్టాడు. "ఓయమ్మ! గంగమ్మకిచ్చింది మల్ల నాకే ఇచ్చిండు!" అని వదిన నోరు తెరిచింది. తరవాత ఆయన ముందు నడుస్తూ మమ్మల్ని కాలువ వెంట కిందికి తీసుకెళ్ళాడు. ఆయన అరబ్బీని సార్ మాకు చెబుతూ వచ్చారు. అన్నిటికంటే పైన తాగడానికి మాత్రమే. అక్కడ ఎవరూ కాలు పెట్టరు. దానికి కింద మసీదుకు వెళ్ళేవాళ్ళు చేతులూ కాళ్ళూ కడుక్కోవడానికి. ఇంకా కింద స్నానాలకు, బట్టలకు. చివర ఖర్జూరపు తోటలకు. కాళ్ళు కడుక్కునే చోటు చూపించి, ఇప్పుడు కడుక్కో అన్నట్టు నాకు సైగ చేశాడు. ఆ పైన మనవడితో ఖర్జూరాలు, కహ్వా అనే వాళ్ళ కాఫీ పంపించాడు.

"జుర్మానా ఏమన్న ఏస్తరా సార్?" అని మా ఆయన అడిగాడు. సార్ అడిగి చెప్పారు. జరిమానా ఏమీ లేదట. పైన నిలబడ్డవాడికి కిందివాళ్ళు గుర్తుంటే చాలట. తాతల నాటి నుంచి అట్లాగే నడుస్తోందట.

నేను అక్కడే కూర్చుండిపోయాను. అక్కడ ప్లైవుడ్ గోడ లేదు. తమ్ముడికి ఫోను చేసి అంతా చెప్పాను. వాడు అంతా విన్నాడు. ఆ తరవాత, "అక్కా, మా బాయిలర్ ఆవిరితోనే ఆ దేశం ముసలోళ్ళ బీపీ దిగుతున్నదంటె నాకు మంచిగనే అనిపిస్తది. పనిల తప్పు లేదు. నీళ్ళు ఇడిసే కాడ తప్పున్నది" అన్నాడు. "మల్ల నన్నేం జెయ్యమంటవ్‌రా?" అన్నాను. "నీ పేరు చెప్పకు, ఊరి పేరు చెప్పకు. పప్పు ముచ్చట చెప్పు. పప్పు ఉడకని ఊరు మనదొక్కటేనా?" అన్నాడు.

మా ఆయనకు చెబితే, "నువ్వు మాట్లాడుతవా? పెండ్లయిన కొత్తల నాతోనే మాట్లాడకపోతివి!" అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "మాట్లాడు. ఆ రోజు నేను శాంతవ్వ వదినెను మత్రా బజారుకు తోల్కపోత" అన్నాడు. అక్కా, ఆమెను బజారుకు తీసుకెళ్ళడం ఎంత పెద్ద త్యాగమో మీకు తెలియదు. ప్రతి దుకాణంలో బేరమాడుతుంది, ఏదీ కొనదు.

నేను మాట్లాడతాను. మొహం చూపించను.

మీ
నవీన


బ్రస్సెల్స్,
జులై

నవీనా,

ఆ రోజు నీకు అక్కడ కనబడనివి రాస్తాను. పెద్ద తెర మీద నీ మొహం బదులు ‘ఒక మహిళ’ అని రాసి ఉంది. అమ్మ గొంతు ముందు వచ్చింది. ఆ తరవాత నీ వంతు. ఏమీ వినబడలేదు. నీ ఊపిరి మాత్రం వినబడింది. సమయం తరిగిపోతోంది. నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. నువ్వు మొదలుపెట్టావు. మొదట్లో ఎంత సన్నగా అంటే, అనువాదం చేస్తున్న అమ్మే "కొంచెం గట్టిగా అమ్మా" అంది. అవ్వ పలుకు నొక్కి చూసే దగ్గరికి వచ్చేసరికి నీ సమయం అయిపోయింది. మైకు ఆగింది.

అప్పుడు లేచింది ఎవరో తెలుసా? కంపెనీల తరఫు ఆయన. తన వంతు నీ తరవాతే. "నా సమయం ఆవిడకు ఇవ్వండి. ఆ గింజ నలిగిందో లేదో నాకు తెలియాలి" అన్నాడు. ఎర్రచేపల ఫోటోలు ఆయన సంచిలోనే ఉండిపోయాయి. ఇన్నాళ్ళుగా ఆయన వాదనలన్నిటికీ ఎదురు జవాబులు రాసిన దాన్ని నేను. ఆ నిమిషాన లేచి దణ్ణం పెట్టాలనిపించింది.

చివర అధ్యక్షురాలు అడిగింది, మా నుంచి ఏం కావాలి అని. నువ్వు అన్నది అమ్మ అనువాదం చేసే ముందే నాకు అర్థమైంది కదా, హాల్లో అందరికంటే ముందు నాకే కళ్ళు తడిశాయి. "ఫ్యాక్టరీ ఉండాలె. అందరికి మందులు గావాలె. కని పైన నిలవడ్డోళ్ళు కాళ్ళు గడగొద్దు. గంతే." ఇంగ్రిడ్ ఆ మాటను చిన్న కాగితం మీద రాసి తన బల్లకు అంటించుకుంది.

ఇప్పుడు ఫలితం. సవరణ మొత్తం నెగ్గలేదు. ఫ్యాక్టరీల నీటికి కొనేవాళ్ళు పూర్తి బాధ్యత వహించాలన్న మాటను తీసేశారు. వెళ్ళి చూడాలన్న మాటను మాత్రం కమిటీ ఒప్పుకుంది. అది కూడా ఇంకా చట్టం కాలేదు. పెద్ద సభ ముందుకు రావాలి, అంతకుముందు శీతాకాలంలో ఇంకోసారి సాక్షులను పిలుస్తారు. నాకు ఏడుపొచ్చింది. ఇంగ్రిడ్ మాత్రం, "మొదటిసారికే సగం ఉడికింది, సంతోషించు" అంది.

ఆ రోజు కాఫీ వరుసలో కంపెనీ ఆయన నా వెనక నిలబడ్డాడు. "మా వాళ్ళు మీ వైపునుంచి కూడా కొంటారు. చట్టం వచ్చేదాకా ఆగకుండా నేనే ఓసారి వెళ్ళి వస్తాను" అన్నాడు. ఏ ఊరని అడగలేదు. అడిగినా చెప్పడానికి నాకు ఆ పేరు తెలియదు.

సాయిప్రియ


అల్ అమెరాత్,
సెప్టెంబరు

సాయిప్రియ అక్కకు,

సంధ్యకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. ఆ పిల్లకు పాలు కలిపే నీళ్ళు ఇప్పటికీ క్యాన్‌లోవే.

ఆ కంపెనీ ఆయన నిజంగానే మా ఊరి వైపు వచ్చాడు. చాలా ఫ్యాక్టరీలు చూస్తూ మా దగ్గరికీ వచ్చాడట. ముందురోజే గోడలకు సున్నం వేసి, పూలకుండీలు తెచ్చి పెట్టారని తమ్ముడు చెప్పాడు. కొనేవాళ్ళ తరఫు మనుషులు నీళ్ళు చూడ్డానికి వస్తున్నారని బాయిలర్ దగ్గర అందరికీ తెలిసింది. తమ్ముడు ఇంటికొచ్చి ఆ మాట సంధ్యతో అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదట. సంధ్య మా అవ్వతో అంది.

తెల్లారి కార్లు వచ్చేసరికి గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల మూడు రాళ్ళ పొయ్యి. ఇంటికో గుప్పెడు కందిపప్పు. ఊరి బోరు నీళ్ళు. ఆడవాళ్ళందరూ చుట్టూ కూర్చున్నారు. నినాదాలు లేవు, జెండాలు లేవు. మేనేజరు వచ్చి, "ఇదేంది, వనభోజనాలా?" అని అడిగాడట. "అవును బిడ్డా, పప్పు ఉడికినంక నువ్వు గూడ తిందువు రా" అంది మా అవ్వ.

లోపల తిరిగి చూసి ఆయన బయటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. పొయ్యి ఇంకా మండుతూనే ఉంది. ఆయన కారు ఎక్కకుండా రోడ్డు దాటి వచ్చాడు. సంధ్య బాలింత అయినా పిల్లను పక్కింటామెకు ఇచ్చి లేచింది. గిన్నెలోంచి ఒక పలుకు తీసి, ఊది, ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్ళ మధ్య నొక్కాడు. నలగలేదు. ఇంకోసారి నొక్కాడు. ఆ పలుకును పారెయ్యకుండా చొక్కా జేబులో వేసుకున్నాడట. నీళ్ళు వదిలే కాలువ ఎక్కడుందో చూపించమని అప్పుడు అడిగాడట. అంతకుముందు లోపల చూపించినవాటిలో అది లేదు.

ఆయన వెళ్ళాక మేనేజరు, "ఎవలు వెట్టిచ్చిన్రు ఇది? పేర్లు చెప్పున్రి" అని గద్దించాడు. అవ్వ లేచి నిలబడి, "రాసుకో. గుండేటి రాజవ్వ" అంది. సంధ్య చెప్పింది. పక్కింటామె చెప్పింది. అందరూ తమ తమ ఇంటిపేర్లతో సహా చెప్పారు. మేనేజరు రాసుకోవడం సగంలోనే ఆపేశాడు.

మీరు అడిగేది నాకు తెలుసు. తమ్ముడిని పని నుంచి తీసెయ్యలేదు. బాయిలర్ నుంచి తీసి గేటు దగ్గర వేశారు. జీతం తగ్గింది. ఫోనులో నాకు ఏడుపు ఆగలేదు. వాడు మాత్రం, "ఏడువకక్కా. లోపలుంటె పొయ్యి నాకు కనవడేది కాదు. ఇప్పుడు పప్పు కావలి నాదే" అన్నాడు. మళ్ళీ పొయ్యి పెడతారా అని అడిగితే, ఉడికేదాకా పెడతామని అవ్వ చెప్పమందట. కొత్త కాలువకు కొలతలు తీసుకుంటున్నారని కూడా అన్నాడు. కొలతలు ఇంతకు ముందూ తీశారు. అయినా ఈసారి వాడి గొంతులో ఏదో తేడా ఉంది.

శాంతవ్వ వదినకు కూడా చెప్పేశాను. ప్లైవుడ్ అవతల నుంచి అంతా విననే విన్నదట. జూన్‌లో మత్రా బజారుకు ఎందుకు తీసుకెళ్ళారో అప్పుడే తెలుసట. "తెలిసే పోయిన. లేకుంటె నీ మొగనితోని బజారుకు ఎవలు పోతరే?" అంది.

శీతాకాలంలో మళ్ళీ సాక్షులను పిలుస్తారన్నారు కదా. నన్ను పిలవండి. నా గొంతు ఇంకా చిన్నదే, మైకు కొంచెం దగ్గరగా పెట్టుకుంటాను. మొహం చూపిస్తాను. అవ్వ చెప్పగా, సంధ్య చెప్పగా, నేనొక్కదాన్నే దాచుకుని కూర్చోలేను. తమ్ముడిని అడిగాను. "చెప్పక్కా" అన్నాడు.

పోయినసారి తెర మీద ‘ఒక మహిళ’ అని రాశారు కదా. ఈసారి ఇట్లా రాయించండి.

గుండేటి నవీన,
రేగులవాగు గ్రామం.